పిప్పిలో పోయే పీచు: దుంపకూరల పాలీశాకరైడ్లు కాలేయాన్ని ఎంతవరకు కాపాడతాయి?

క్లుప్తంగా: దుంపల నుంచి వేరుచేసిన కొన్ని పాలీశాకరైడ్లు ఎలుకల కాలేయాన్ని విషాల నుంచీ కొవ్వు నుంచీ కాపాడినట్లు ప్రయోగశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ప్రభావంలో ఎక్కువ భాగం పేగులోని సూక్ష్మజీవుల చేతుల మీదుగా జరిగేదే. మనుషుల మీద జరిగిన పరీక్షలు తక్కువ. వాటిలో గట్టిదైన ఒకటి దుంపలకు సంబంధించినది కాదు, మొక్కజొన్నకు సంబంధించినది. చెన్నైలో ఇప్పుడు వాడుకలో ఉన్న జ్యూసు రూపంలోనైతే ఈ పదార్థం చాలావరకు గ్లాసులోకే రాదు.

చెన్నై పార్కుల గేట్ల దగ్గర పొద్దున ఆరు గంటలకే జ్యూసు బండ్లు వెలుస్తాయి. కాకరకాయ రసం, బూడిద గుమ్మడి రసం, వాటితోపాటు ఏబీసీ జ్యూసు. ఆపిల్, బీట్‌రూట్, క్యారెట్ కలిపి తీసే ఈ ఎర్రటి రసాన్ని ఒకప్పుడు రక్తం పట్టడానికని తాగేవారు. ఇప్పుడు చెప్పే కారణం మారింది. 'దుంపల్లోని పాలీశాకరైడ్లు కాలేయాన్ని బాగుచేస్తాయని శాస్త్రవేత్తలు తేల్చారు' అన్న సందేశాలు మాంబళం నుంచి పెరంబూరు దాకా తెలుగు కుటుంబాల వాట్సాప్ బృందాల్లో తిరుగుతున్నాయి. అదే మాట అచ్చువేసుకున్న పొడి డబ్బాలూ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

ఇలాంటి మాట పాకడానికి కావలసిన పరిస్థితి నగరంలో ఎప్పటినుంచో ఉంది. చెన్నైలో 541 మందిని పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 32 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. దేశంలోని అధ్యయనాలన్నింటినీ కలిపి 2022లో వేసిన లెక్కలో పెద్దవారిలో అది 38.6 శాతం. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరిశీలించి 2025లో వెలువరించిన అధ్యయనం ఏకంగా 84 శాతం అని చెప్పింది. ఒకే తరహా ఉద్యోగం చేసే చిన్న బృందానికి సంబంధించిన అంకె కనుక దాన్ని ఊరందరికీ అంటగట్టలేము. అయినా చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీద అదే రకం కుర్చీల్లో కూర్చునేవారికి అది పరాయి లెక్కగా అనిపించదు. కేంద్ర ప్రభుత్వం 2021లోనే ఈ వ్యాధిని జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. దీనికంటూ ఒక మందుకు అమెరికాలో తొలిసారి ఆమోదం దొరికింది మాత్రం 2024 మార్చిలో. అంతవరకు వైద్యుల చీటీ మీద 'బరువు తగ్గండి' అన్న సలహాయే ప్రధాన చికిత్స. మందు లేని చోట వంటింటి వైద్యం ముందుకు రావడం కొత్త కాదు.

సగ్గుబియ్యం కూడా పాలీశాకరైడే

ముందు పేరు సంగతి. పాలీశాకరైడ్ అంటే చక్కెర అణువులు వందలు, వేలు గొలుసుకట్టుగా కలిసిన పదార్థం. బడి పుస్తకాల్లో దీన్ని బహుశర్కర అంటారు. దుంప అనేది మొక్క తన తిండిని దాచుకునే గది కాబట్టి, నీరు పోగా చాలా దుంపల్లో మిగిలేదాంట్లో సింహభాగం ఇవే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, సేలం మిల్లుల్లో కర్రపెండలం నుంచి తీసే సగ్గుబియ్యం దాదాపు పూర్తిగా పాలీశాకరైడే. ఆలుగడ్డ చిప్సులోని పిండీ పాలీశాకరైడే. కాలేయానికి కొవ్వు పట్టినవారిని వైద్యులు దేన్ని తగ్గించమంటున్నారో, సందేశాలు దేన్ని తినమంటున్నాయో, రెండింటికీ రసాయనశాస్త్రం పెట్టిన ఇంటిపేరు ఒకటే.

తేడా అంతా గొలుసులోని ముడిలో ఉంది. పిండిపదార్థంలో గ్లూకోజ్ అణువులు ఒక తీరులో ముడిపడి ఉంటాయి. ఆ ముడిని మన లాలాజలం, చిన్నపేగు ఇట్టే విప్పేస్తాయి. ఉడికిన సగ్గుబియ్యం కాసేపటికే గ్లూకోజ్‌గా రక్తంలోకి చేరుతుంది. క్యారెట్, బీట్‌రూట్ కణాల గోడల్లో ఉండే పెక్టిన్ వేరు. అందులో గెలాక్టురోనిక్ ఆమ్లం వెన్నెముక అయితే దాని మీద అరబినోజ్, గెలాక్టోజ్ వంటి చక్కెరలు కొమ్మలుగా మొలుస్తాయి. చికోరీ వేరులో, శతావరి (పిల్లిపీచర) వేళ్లలో ఉండేవి ఫ్రక్టోజ్ గొలుసులు. చికోరీలోని గొలుసుల పేరు ఇన్యులిన్. చామదుంప కోసినప్పుడు చేతికి అంటే జిగురులో మరో రకం గొలుసులుంటాయి. కొంజాక్ అనే తూర్పు ఆసియా దుంపలోని గ్లూకోమానన్ నీటిని పీల్చుకుని జెల్లీలా ఉబ్బుతుంది. కొంజాక్ మన కందకు దాయాది కనుక కందలోనూ అదే ఉంటుందని కొన్ని ప్రకటనలు చెప్పేస్తుంటాయి. కందలో ప్రధానంగా ఉండేది మామూలు పిండిపదార్థమే.

ఈ రెండో గుంపులోని గొలుసులను విప్పే ఎంజైములు మనిషికి లేవు. ఆహారంలోని పిండి, చక్కెరలను విడగొట్టే ఎంజైములు మన జన్యువుల్లో పదిహేడుకు మించి లేవని అంచనా. పెద్దపేగులో కాపురముండే బాక్టీరాయిడిస్ థీటాయోటావోమైక్రాన్ అనే ఒక్క బాక్టీరియాకే అలాంటివి 250కి పైగా ఉన్నాయి. పెక్టిన్‌లో అత్యంత జటిలమైన భాగాన్ని ఇది ఒక్క ముడి తప్ప మిగతాదంతా విప్పేయగలదని 2017లో తేలింది. అరగనిది అని మనం తీసిపారేసేది వాటికి విందు.

కాలేయానికి దారి పేగు మీదుగా

'కాలేయాన్ని శుభ్రం చేస్తుంది' అన్న మాట వింటే ఈ పదార్థమేదో నేరుగా కాలేయంలోకి వెళ్లి తుడుస్తుందన్న బొమ్మ కళ్ల ముందు నిలుస్తుంది. పెక్టిన్ అణువు అంతదూరం పోలేనంత పెద్దది. పేగు గోడ దాటి రక్తంలోకి చేరేది ఏమైనా ఉంటే అది అతి స్వల్పం. మరి కాలేయంలో మార్పు ఎలా కనిపిస్తోంది?

కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. పేగులో జరిగేదేదైనా మొదట తెలిసేది కాలేయానికే. పేగు గోడ కణాల మధ్య అతుకులు సడలితే బాక్టీరియా పైపొర ముక్కలు రక్తంలోకి జారి కాలేయానికి చేరతాయి. అక్కడ కాపలా ఉండే కుప్ఫర్ కణాలు వాటిని శత్రువులుగా గుర్తించి వాపు పుట్టించే రసాయనాలను వదులుతాయి. కొవ్వు మాత్రమే పేరుకున్న కాలేయం ఏళ్ల తరబడి సద్దు చేయకుండా ఉండవచ్చు. వాపు తోడైన కాలేయం మచ్చలు పడే దారి పడుతుంది.

దుంపల పీచు పాత్ర ఇక్కడ మొదలవుతుంది. పెద్దపేగు బాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలను తయారుచేస్తుంది. బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం. ఆ కణాలు పుష్టిగా ఉంటే అతుకులు బిగుతుగా ఉంటాయి, జారిపడే చెత్త తగ్గుతుంది, కుప్ఫర్ కణాలు నెమ్మదిస్తాయి. మద్యం పట్టించిన ఎలుకల మీద ఫ్రాన్సులో జరిగిన ప్రయోగం ఈ వరుసకు మంచి ఉదాహరణ. 2017లో ప్రచురించిన ఆ పరిశోధనలో, పెక్టిన్ కలిపిన తిండి తిన్న ఎలుకలలో మద్యం వల్ల తగ్గే బాక్టీరాయిడిస్ జాతి నిలబడింది, కాలేయం దెబ్బ తగ్గింది. మరో గుంపు ఎలుకలకు, మద్యానికి తట్టుకున్న ఎలుకల పేగు సూక్ష్మజీవులను ఎక్కిస్తే అక్కడా అదే ఫలితం వచ్చింది. అంటే కాపాడింది పెక్టిన్ అనడం కన్నా, పెక్టిన్ తినిపించి పెంచిన సూక్ష్మజీవులు అనడమే సరైనది.

రెండో దారి పైత్యరస లవణాలది. కాలేయం కొలెస్టరాల్ నుంచి వీటిని తయారుచేసి పేగులోకి పంపుతుంది, పని అయ్యాక దాదాపు 95 శాతం తిరిగి వెనక్కి తెచ్చుకుంటుంది. జిగురుగా ఉబ్బే పీచు వీటిలో కొంత భాగాన్ని పట్టి బయటికి తీసుకుపోతుంది. కొరత తీర్చడానికి కాలేయం తన దగ్గరున్న కొలెస్టరాల్‌ను ఖర్చుచేయక తప్పదు. కొంజాక్ గ్లూకోమానన్ రోజుకు 4 గ్రాములు తీసుకుంటే కొలెస్టరాల్ అదుపుకు తోడ్పడుతుందని చెప్పుకోవడానికి ఐరోపా సమాఖ్య అనుమతించిందంటే ఇలాంటి ఆధారాల బలం వల్లనే. గమనించవలసింది ఏమిటంటే, ఆ అనుమతి కొలెస్టరాల్‌కు. కాలేయానికి కాదు.

మూడోది, అన్నిటికన్నా సాదాసీదాది: పీచు కడుపు నింపుతుంది, అన్నంలోని గ్లూకోజ్‌ను నెమ్మదిగా వదులుతుంది. ఇన్సులిన్ ఎగిసిపడకపోతే కాలేయంలో కొత్త కొవ్వు తయారీ తగ్గుతుంది. పరిశోధన పత్రాల్లో దీనికి పెద్ద పీట దక్కదు కానీ, భోజనం పళ్లెంలో పనిచేసేది బహుశా ఇదే ఎక్కువ.

వీటన్నిటికీ పక్కన 'యాంటీ ఆక్సిడెంట్' అన్న మాట ఒకటి. గాజుగొట్టంలో పాలీశాకరైడ్ ద్రావణం కలిపితే ఊదారంగు రసాయనం వెలిసిపోతుంది, అది యాంటీ ఆక్సిడెంట్ గుణానికి గుర్తు. రక్తంలోకి ఎక్కని అణువు కాలేయ కణంలో ఆ పని ఎలా చేస్తుందో ఆ గొట్టం చెప్పదు. ఎలుకల కాలేయంలో గ్లూటాథయోన్ వంటి రక్షక పదార్థాలు పెరిగినట్లు చాలా ప్రయోగాల్లో కనిపించిన మాట నిజమే. అవి తిన్న పదార్థం నుంచి నేరుగా వచ్చినవి కావు, పేగు నుంచి అందిన సంకేతాలకు కాలేయం తనంతట తాను పెంచుకున్నవని భావించడానికే ఎక్కువ ఆస్కారం ఉంది.

ఎలుకను కాపాడింది దేని నుంచి?

ఈ రంగంలోని ప్రయోగాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. దుంపను ఎండబెట్టి, వేడినీటిలో మరిగించి, వడకట్టి, ఆల్కహాల్ పోస్తే పాలీశాకరైడ్లు తెల్లటి మడ్డిగా అడుగుకు చేరతాయి. వాటిలోని ప్రొటీన్లను తీసేసి, వడపోత స్తంభాల గుండా పంపి భాగాలుగా విడదీస్తారు. ఆ పొడిని కొన్ని రోజులో కొన్ని వారాలో ఎలుకల గొంతులో గొట్టం ద్వారా పోస్తారు. తరువాత ఒక విషం ఇస్తారు. చివరికి రక్తంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కొలుస్తారు. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే ఎంజైములివి. పొడి తీసుకున్న ఎలుకల్లో అంకెలు తక్కువగా ఉంటే 'కాలేయ రక్షక గుణం ఉంది' అని రాస్తారు.

ఆ విషం ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఎక్కువగా వాడేది కార్బన్ టెట్రాక్లోరైడ్. ఒకప్పుడు బట్టల డ్రైక్లీనింగులో, మంటలార్పే గొట్టాల్లో వాడి, ప్రమాదమని మానేసిన ద్రవం. రెండోది అధిక మోతాదు పారాసిటమాల్. ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది: అవి ఉన్న రూపంలోనే కాలేయాన్ని కాల్చవు. కాలేయంలోని సైటోక్రోమ్ 2ఈ1 అనే ఎంజైము మార్చాకే కార్బన్ టెట్రాక్లోరైడ్ పదునెక్కుతుంది. పారాసిటమాల్‌ను విషంగా మార్చడంలోనూ ఆ ఎంజైముదే పెద్ద చెయ్యి. కాబట్టి ఇచ్చిన పొడి ఆ ఎంజైమును కాస్త అడ్డుకున్నా చాలు, విషమే తయారు కాదు, ఎలుక క్షేమంగా ఉంటుంది. బయటి నుంచి చూసేవారికి అది కాలేయ రక్షణే. లోపల జరిగింది మాత్రం ఈ ఒక్క రకం విషానికి మాత్రమే పనికివచ్చే అడ్డుకట్ట. చెన్నైలో ఎవరికీ కార్బన్ టెట్రాక్లోరైడ్ వల్ల ఫ్యాటీ లివర్ రావడం లేదు. పదేళ్ల అన్నం, మైదా, తీపి, కదలని ఒళ్లు, మధుమేహం, కొందరిలో మద్యం: ఇక్కడి కారణాలు ఇవి. వాటికి దగ్గరగా ఉండేవి కొవ్వు, చక్కెర ఎక్కువైన మేతతో నెలల తరబడి చేసే ప్రయోగాలు. అవీ ఉన్నాయి, వాటిలోనూ మంచి ఫలితాలు వచ్చాయి. అయితే విషం ప్రయోగం కొన్ని రోజుల్లో ముగుస్తుంది, మేత ప్రయోగానికి నెలలు కావాలి. ఏ రకం ఎక్కువగా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

మోతాదు మీద తరచూ వచ్చే అభ్యంతరం మాత్రం అంత బలమైనది కాదు. ఎలుకకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు ఇస్తే, మనిషికి మార్చేటప్పుడు దాన్ని సుమారు 12తో భాగించడం రివాజు. 60 కిలోల మనిషికి అది ఒక గ్రాము దగ్గర తేలుతుంది. వంద గ్రాముల క్యారెట్‌లో పీచే 2.8 గ్రాములు ఉంటుంది. అంటే పరిమాణం అందనిది కాదు. అందనిది పోలిక. శుద్ధిచేసిన ఒక్క భాగం ఒక పక్క, ఉప్పూ పులుసూ పట్టి అన్నంతో కలిసి వచ్చే కూర మరో పక్క. పైగా శుద్ధి చేశామన్న పొడికి ఫినాలిక్ పదార్థాలు (మొక్కల్లో సహజంగా ఉండే యాంటీ ఆక్సిడెంట్లు), ప్రొటీన్ ముక్కలు అంటుకునే ఉంటాయి. పనిచేసింది గొలుసా, దానికి అంటుకున్నదా అని విడదీయడం తేలిక కాదు.

దక్షిణాది నుంచే దీనికొక ఉదాహరణ ఉంది. శేషాచలం, నల్లమల కొండల్లో దొరికే మారేడు గడ్డలను చెన్నైలో మాగాళి కిళంగు అంటారు, మజ్జిగలో ఊరవేస్తారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్ఐ) శాస్త్రవేత్తలు దీని వేరు సారం కార్బన్ టెట్రాక్లోరైడ్ నుంచి ఎలుకల కాలేయాన్ని కాపాడిందని చూపించారు. అదే సంస్థలో జరిగిన వేరొక పరిశోధన, అదే వేరులోని పెక్టిన్‌కు కడుపులో పుండ్లను నివారించే గుణం ఉందని, ఆ పెక్టిన్‌కు ఫినాలిక్ పదార్థాలు అతుక్కుని ఉన్నాయని చెప్పింది. కాలేయం ఫలితం మొత్తం సారానిది, పెక్టిన్ ఫలితం కడుపుది. ఈ రెండింటినీ అతికి 'మాగాళి పాలీశాకరైడ్ కాలేయానికి మంచిది' అని ఒక్క వాక్యం చేయడం ఎంత సులువో, అది అంత తప్పు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి

మనుషుల్లో ఫ్యాటీ లివర్ మీద ఈ తరహా గొలుసులతో జరిగిన పరీక్షల్లో గట్టిదైన ఒకటి 2023లో చైనా నుంచి వచ్చింది. వ్యాధి ఉన్న 200 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు 40 గ్రాముల అరగని పిండి, రెండో గుంపుకు మామూలు పిండి నాలుగు నెలలు ఇచ్చారు. మామూలు పిండి తిన్నవారితో పోలిస్తే అరగని పిండి తిన్నవారి కాలేయ కొవ్వు 9 శాతం పాయింట్లు ఎక్కువగా తగ్గింది. బరువు తగ్గడం వల్ల వచ్చిన భాగాన్ని తీసేసినా దాదాపు 6 పాయింట్లు మిగిలింది. పేగు సూక్ష్మజీవుల్లో వచ్చిన మార్పూ దీనికి తోడుగా నమోదైంది. పేగు మీదుగా కాలేయానికి దారి ఉందనడానికి మనుషుల్లో ఇది మంచి సాక్ష్యం. కాకపోతే ఆ పిండి మొక్కజొన్న నుంచి తీసినది. 40 గ్రాములంటే చిటికెడు కాదు, రోజూ గుప్పెడు.

దుంపల్లో దొరికే రకాలలో ఇన్యులిన్ కుటుంబానికి చెందిన చిన్న గొలుసులను 2005లో ఏడుగురు రోగులకు రోజుకు 16 గ్రాముల చొప్పున ఎనిమిది వారాలు ఇచ్చారు. ఎస్‌జీఓటీ తగ్గింది. ఏడుగురితో ఇంతకన్నా ఏమీ చెప్పలేము. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, కంద, చామ తినిపించి కాలేయంలో కొవ్వును కొలిచిన పెద్ద పరీక్షల మీద ఈ సందేశాలేవీ ఆధారపడలేదు.

పోల్చి చూడడానికి మరో అంకె. బరువులో 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గించుకున్నవారిలో 90 శాతం మందికి కాలేయ వాపు పూర్తిగా పోయినట్లు, 45 శాతం మందిలో మచ్చలు సైతం వెనక్కి తగ్గినట్లు 2015లో 293 మంది మీద జరిగిన పరిశోధన చూపింది. ఏ వేరులోని ఏ గొలుసూ ఇప్పటివరకు ఆ దరికి రాలేదు.

మద్రాసులో 1988

ఈ నగరం ఇలాంటి ఆశను ఒకసారి దగ్గరగా చూసింది. కామెర్లకు నేల ఉసిరి పసరు వాడడం తెలుగు, తమిళ ప్రాంతాల్లో తరతరాల అలవాటు. మద్రాసు శాస్త్రవేత్తలు ఆ మొక్క పొడిని హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో నిలిచిపోయినవారికి 30 రోజులు ఇచ్చి, 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితం ప్రకటించారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఉపరితల ప్రొటీన్ కనబడకుండా పోయింది. ఉత్తుత్తి గుళిక తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ పేరూ ఆ పత్రం మీద ఉంది. ఇంతకన్నా మంచి ఆరంభం ఏ మూలికకు దొరుకుతుంది?

తరువాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. మొక్క ఉపజాతి వేరేమో, పెరిగిన నేల వేరేమో, రోగుల వయసు వేరేమో అన్న వాదనలు నడిచాయి. అంతా కలిపి తూచిన సమీక్షలు ఆధారం చాలదన్నాయి. ఐరోపా మూలిక మిల్క్ థిజిల్ నుంచి తీసే సిలిమరిన్‌కూ ఇంచుమించు ఇదే గతి: ఎలుకల ప్రయోగాల్లో కొత్త పదార్థాలను పోల్చిచూసే కొలబద్దగా వాడే దాన్నే హెపటైటిస్-సి రోగులకు ఎక్కువ మోతాదులో ఇస్తే, ఉత్తుత్తి గుళికకు మించి ఎస్‌జీపీటీ తగ్గలేదని 2012లో తేలింది. దుంపల పాలీశాకరైడ్లు ప్రస్తుతం 1988 నాటి నేల ఉసిరి ఉన్న మెట్టు కన్నా కిందనే ఉన్నాయి. అప్పుడు కనీసం పదుల సంఖ్యలో మనుషుల మీద పరీక్ష జరిగింది.

గ్లాసులోకి రానిది

ఏబీసీ జ్యూసు దగ్గరికి తిరిగి వస్తే, అక్కడ జరిగేది చూడడానికే వింతగా ఉంటుంది. యంత్రం ఒక గొట్టం నుంచి రసం, మరో గొట్టం నుంచి పిప్పి వదులుతుంది. రసంలోకి చక్కెరలు, రంగు, ఖనిజాలు, నీటిలో కరిగే పీచులో కొంత వస్తాయి. కణాల గోడలు, వాటితోపాటు పెక్టిన్‌లో చాలా భాగం పిప్పితో బకెట్టులోకి పోతాయి. ఒక ఆపిల్, వంద గ్రాముల బీట్‌రూట్, వంద గ్రాముల క్యారెట్‌లో కలిపి దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అది 300 మిల్లీలీటర్ల కోలాలో ఉండేదానికి దగ్గర. ఆపిల్ చక్కెరలో సగానికి పైగా ఫ్రక్టోజ్, దాన్ని కొవ్వుగా మార్చేది ప్రధానంగా కాలేయమే. ఆ కూరలను నమిలి తింటే ఈ చక్కెర పీచుతో కలిసి మెల్లగా దిగుతుంది. పాలీశాకరైడ్ల కోసం జ్యూసు తాగడమంటే కొబ్బరి కోసం నీళ్లు తాగి కాయ పారేయడం లాంటిది.

వంట విషయంలో తెలుగు, తమిళ ఇళ్లు జ్యూసు బండి కన్నా నయం. సాంబారులో ముల్లంగి, కంద వేపుడు, బీట్‌రూట్ పొరియల్, చామదుంపల పులుసు: అన్నింట్లోనూ పీచు పళ్లెంలోకే వస్తుంది. ఎక్కువసేపు ఉడికితే పెక్టిన్ గొలుసులు చిన్న ముక్కలవుతాయి. అది నష్టమే కానక్కరలేదు. ఆస్ట్రియాకు చెందిన శిశువైద్యుడు ఎర్నెస్ట్ మోరో 1908లో బాగా మరిగించిన క్యారెట్ చారుతో పసిపిల్లల విరేచనాలను అదుపు చేశాడు. ఉడికినప్పుడు ఏర్పడే ఆ చిన్న ముక్కలు బాక్టీరియాను పేగు గోడకు అంటుకోనివ్వవని చాలాకాలం తరువాత తెలిసింది. ఉడికించి చల్లార్చిన చిలగడదుంప, ఆలుగడ్డల్లో పిండి కొంత గట్టిపడి అరగని పిండిగా మారుతుంది. చద్దన్నంలో జరిగేదీ అదే. పెరుగుదల కొద్దిపాటిదే కనుక దాన్ని నమ్ముకుని రెండు దుంపలు అదనంగా తినడం లెక్క తప్పడమే. సంక్రాంతి రోజుల్లో కోయంబేడుకు బస్తాల్లో దిగే తేగలు, అంటే ఇక్కడి పనంగిళంగు, నమలడానికి కూడా ఓపిక కోరే పీచుతో వస్తాయి.

అసలు లెక్క పళ్లెంలో దేని స్థానంలో ఏది వచ్చిందన్నది. చెన్నైవాసుల తిండిలో దాదాపు సగం కాలరీలు, కచ్చితంగా చెప్పాలంటే 46.9 శాతం, పాలిష్ పట్టిన ధాన్యం నుంచి వస్తున్నాయని 2009లోనే ఒక అధ్యయనం చూపించింది. అందులో పెద్ద వాటా తెల్లబియ్యానిది. మూడు గరిటెల అన్నంలో ఒక గరిటె తగ్గించి ఆ చోట ముల్లంగి కూర పెడితే కాలేయానికి పనికొచ్చే మార్పు. అదే మూడు గరిటెల పక్కన కర్రపెండలం వేపుడు చేరితే, నూనె కాకుండానే వంద గ్రాములకు 160 కాలరీలు కలిసినట్టు. రెండూ దుంపలే, రెండింట్లోనూ పాలీశాకరైడ్లే.

డబ్బాలోని పొడి

శుద్ధిచేసిన పీచు పొడులు హానిచేయవన్న నమ్మకానికి 2018లో ఒక ఎదురుదెబ్బ తగిలింది. పేగు సూక్ష్మజీవుల సమతుల్యత ముందే చెడిన ఎలుకలకు శుద్ధిచేసిన ఇన్యులిన్‌ను నెలల తరబడి పెడితే, వాటిలో కొన్నింటికి కామెర్లు వచ్చి కాలేయ క్యాన్సర్ పుట్టింది. ప్రత్యేకమైన ఎలుకల్లో వచ్చిన ఫలితాన్ని మనుషులకు అతికించి భయపడడం, మంచి ఫలితాన్ని అతికించి సంబరపడడం, రెండూ ఒకే పొరపాటు. ఆ ప్రయోగం చెప్పేది ఒక్కటి: పులిసే పీచు ఏమి చేస్తుందన్నది పేగులో అప్పటికే ఎవరున్నారన్నదాని మీద ఆధారపడుతుంది.

గ్లూకోమానన్ పొడి తగినన్ని నీళ్లు లేకుండా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడగలదు. కొంజాక్ జెల్లీ మిఠాయిలను ఐరోపా సమాఖ్య నిషేధించింది ఊపిరాడక జరిగిన మరణాల తరువాతే. మధుమేహం, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారికి ఇలాంటి చిక్కటి పీచు మందు ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేయగలదు. మిశ్రమ మూలికల పొడులైతే ప్రమాదం మరో రకం. కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను దేశంలోని పలు ఆస్పత్రుల వైద్యులు నమోదు చేశారు. కాలేయం కోసమని కొన్న డబ్బాలో ఏ మూలిక ఎంత ఉందో తెలియకపోతే వైద్యుడికి కారణం వెతకడమూ కష్టమే. ఆహార పూరకంగా అమ్మే దేనికీ జబ్బు నయం చేస్తుందని చెప్పుకునే హక్కు ఆహార భద్రత నిబంధనల ప్రకారం లేదు. 'కాలేయ ఆరోగ్యానికి తోడ్పాటు' అన్న మెత్తటి మాటలు అందుకే డబ్బాల మీద కనిపిస్తాయి.

నెల తరువాత తగ్గిన ఎస్‌జీపీటీ

'నెల రోజులు తాగాను, ఎస్‌జీపీటీ 70 నుంచి 48కి దిగింది' అన్న తరహా అనుభవాలు అబద్ధాలు కానక్కరలేదు. ఈ అంకె రోజురోజుకూ మారుతుంది. జిమ్‌లో బరువులెత్తిన మర్నాడు పెరుగుతుంది, వారం రోజులు మద్యం మానితే దిగుతుంది. ఎక్కువగా వచ్చినప్పుడే మనిషి భయపడి జ్యూసు మొదలుపెడతాడు కాబట్టి, ఏమీ చేయకపోయినా తరువాతి పరీక్షలో అది కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. జ్యూసుతోపాటు నడకా మొదలవుతుంది, రాత్రి పరోటా మానడమూ మొదలవుతుంది. పేరు మాత్రం బీట్‌రూట్‌కు దక్కుతుంది.

స్కానింగ్ రిపోర్టులోని 'గ్రేడ్ 1', 'గ్రేడ్ 2' కొవ్వు ఎంతన్నది చెబుతాయి, మచ్చల సంగతి చెప్పవు. కాలేయంలో ఐదో వంతు దాకా కొవ్వు చేరితే గానీ మామూలు అల్ట్రాసౌండ్ దాన్ని నమ్మకంగా పట్టలేదు కూడా. మచ్చల ప్రమాదాన్ని అంచనా వేయడానికి వైద్యులు మొదట వాడే లెక్క ఫిబ్-4. దీనికి కావలసినవన్నీ సాధారణ రక్తపరీక్షలోనే ఉంటాయి: వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్య (వేలల్లో), ఎస్‌జీపీటీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. ఫలితం 1.3 లోపు ఉంటే మచ్చలు ముదిరే ప్రమాదం తక్కువగా లెక్కిస్తారు, దాటితే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ వంటి తరువాతి పరీక్షకు పంపుతారు. ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు ఉన్న 45 ఏళ్ల వ్యక్తికి ఇది 1.29 వస్తుంది. అవే అంకెలతో 48 ఏళ్లవారికి 1.37.